మొలతాడు కింద మచ్చ

నా జ్వరాన్ని మా తోడల్లుడు జెట్ లాగ్ అన్నాడు. ఆ మాట అని పదేళ్లు దాటింది. ఆయన మరిచిపోయి ఉంటాడు, నేను మరిచిపోలేదు.

చిత్తూరు దగ్గర మా మామిడితోటలో గడ్డి కోయిస్తూ వారం రోజులు తిరిగి ఆక్లాండ్ చేరాను. నాలుగో రోజున చలిజ్వరం పట్టుకుంది. ఆ శనివారమే తోడల్లుడు హెండర్సన్‌లో ఇల్లు మారుతున్నాడు. ఫ్రిజ్ మోయడానికి వస్తానని మాటిచ్చి ఉన్నాను. ఊరికి ఈ కొసన బోటనీ డౌన్స్‌లో మా ఇంట్లో రెండు దుప్పట్ల కింద వణుకుతుంటే ఫోన్ చేశాడు.

"ఏం తమ్ముడూ, శనివారం అనగానే టెంపరేచర్ వచ్చేసిందా?"

"నూట మూడుందన్నయ్యా."

"జెట్ లాగ్ అయ్యుంటుందిలే. మా ఫ్రిజ్ మోస్తే చెమట పట్టి అదే దిగిపోతుంది, వచ్చెయ్!"

స్పీకర్‌లో విని మా ఆవిడ కూడా నవ్వింది. అదీ గుర్తుంది.

ఎనిమిది రోజులు జ్వరం దిగలేదు. మలేరియా కాదన్నారు, డెంగీ కాదన్నారు. మా పేట డాక్టరు ఒంటి మీద ఏమైనా కుట్టిందా అని అడిగి, చొక్కా ఎత్తమన్నాడు. మొలతాడు కనబడగానే గౌరవంగా చూపు తిప్పుకున్నాడు. అదేదో పూజకు సంబంధించినది అనుకున్నాడు కాబోలు. అడిగితే చెప్పేవాణ్ణి, అది చిన్నప్పటి నుంచీ కట్టుకునే నల్లదారమని, జరిపి చూసినా దేవుడేమీ అనుకోడని. అడగలేదు. ఆ మర్యాద నా ప్రాణం మీదకు తెచ్చింది.

దారం కింద నల్లటి మచ్చ ఉందని నాకూ తెలుసు. ఊళ్లో కట్టిన కొత్త దారం ఒరుసుకుందనుకున్నాను. నొప్పి లేనివాటి మీద ఫిర్యాదు చేయడం నా పద్ధతి కాదు. నొప్పి ఉన్నవే నాకు చాలినన్ని ఉన్నాయి.

తొమ్మిదో రోజున ఆయాసం మొదలైంది. మా ఆవిడ నవ్వడం మానేసి ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ఇదివరకు ఆస్ట్రేలియాలో, ఇలాంటి జ్వరాలు తగిలే ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో పనిచేసిందట. నడుము దగ్గర ఆగి, "ఈ దారం కత్తిరించవచ్చా?" అంది.

"కట్ చేయొద్దు!" మా ఆవిడ అడ్డం వచ్చేసింది. మగవాడి మొలతాడు ఎప్పుడు తెంపుతారో ఆవిడకు తెలుసు. "కొంచెం జరపండి, ప్లీజ్. జరిపితే చాలు."

డాక్టరమ్మ రెండు వేళ్లతో దారాన్ని పైకి జరిపి, టార్చి వేసి, "యూ బ్యూటీ!" అంది. నన్ను కాదు, మచ్చను.

సిగరెట్‌తో కాల్చినట్టున్న ఆ మచ్చ, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టిన చోటట. జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. ఆ బ్యాక్టీరియా కణాల లోపల దూరి పెరుగుతుందట, మామూలు రక్తపరీక్షల్లో దొరకదట. ఎదుటపడకుండా లోపల కూర్చుని పని చక్కబెట్టేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

"బతుకుతారా?" అంది మా ఆవిడ.

"మందు పడింది కదా. రెండు రోజులు చూద్దాం," అంది డాక్టరమ్మ.

రెండు రోజులు పట్టలేదు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన మర్నాటి మధ్యాహ్నానికి ఒళ్లు చల్లబడింది. ఆ సంబరం ఏమని చెప్పను! కిటికీలోంచి కార్ పార్కింగ్ చూస్తే నవ్వొచ్చింది. పళ్లెంలో వణికే జెల్లీని చూస్తే ఇంకా నవ్వొచ్చింది. గౌను వెనక కట్లు ఊడిపోయినా లెక్కచేయక వార్డు రెండు చుట్లు చుట్టాను. నాది జెట్ లాగ్ కాదు! దానికి పేరుంది, మందుంది, ఒంటి మీద ముద్ర కూడా ఉంది!

డాక్టరమ్మ నలుగురు జూనియర్లను తీసుకొచ్చింది. పాఠం కోసం మచ్చను ఫొటో తీస్తామని, ముఖం అందులో పడదని చెప్పారు. పడినా అభ్యంతరం లేదని రెండుసార్లు చెప్పాను. ఒక్కరూ పట్టించుకోలేదు.

అప్పుడే తోడల్లుడు ఆపిల్ పళ్ల సంచితో వచ్చాడు. నలుగురు డాక్టర్లు నా నడుము మీదకు వంగి ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమైంది తమ్ముడూ? అంత సీరియస్సా?"

"క్యూలో రండన్నయ్యా," అన్నాను. "మీ వంతు వచ్చాక చూపిస్తాను."