పెదనాయన ముట్టని రొట్టె

మా పెదనాయన గత శుక్రవారం పొద్దున చనిపోయాడు. ఫోన్లో ఆ మాట వినగానే మా నాయన, "రేపు శనివారం గదా" అన్నాడు. ఎందుకన్నాడో చెబుతాను.

మీలో పెదనాయనను ఎరిగినవారు తక్కువే. ఒకప్పుడైతే అది మీ అదృష్టం. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో సైరన్ కన్నా ముందు ఆయన కోపం మోగేది. ఒకరోజు పలకలు వంకరగా కోశాడని సొంత తమ్ముడి మీదికి సుత్తి విసిరాడు. ఆ తమ్ముడే మా నాయన. కుడిచేతి రెండు వేళ్ళు అప్పటినుంచీ వంగవు.

మా ఇంట్లో అందరూ చర్చికి పోయేవాళ్ళే. పెదనాయన మాత్రం క్రిస్మస్ బిర్యానీకే హాజరయ్యే విశ్వాసి. ఆ సుత్తి తరవాతే ఆయన మోకరించడం నేర్చుకున్నాడు.

అదీ ఎక్కడపడితే అక్కడ. గిద్దలూరు బస్టాండులో ఒకడు ఆయన కాలిమీదికి బైకు ఎక్కించి, పైగా తిట్టాడు. పెదనాయన ముఖం ఎర్రబడింది. ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుండెపోటనుకుని జనం సోడా తెచ్చారు. తిట్టినవాడే భయపడి తాగించాడు.

"ఏంది పెదనాయనా ఇది, పరువు పోయె!" అన్నాను.

"మోకాళ్ళ మీదుంటే ఎవర్నీ తన్నలేం నాయనా. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే."

"అయితే కోపానికి రాజీనామా ఇచ్చినట్టేనా?"

"ఎప్పుడో ఇచ్చినా. అది ఆమోదించలే."

మా చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసును తలుచుకుని అందరం రొట్టె పంచుకుంటాం. సహోదరుడు క్షమించందే ఆ రొట్టె ముట్టనని పెదనాయన పట్టు. అందుకే ముందురోజు, శనివారం సాయంత్రం మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాడు.

"తమ్ముడా, రేపు బల్ల. నన్ను క్షమించినావా?"

నాయన పేపరు తిప్పేవాడు.

"సరేలే, వచ్చే నెల వస్తా."

ఆదివారం పెదనాయన వెనక వరసలో కూర్చుని, ప్లేటు రాగానే పక్కవాళ్ళకు అందించేవాడు. ముందు వరసలో మా నాయన ఆ వంగని వేళ్ళ చేత్తోనే రొట్టె తీసుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

పోయిన నెల ఆయన రావడం చూసి నాయన లోపలికి పోతూ, "లేనని చెప్పు" అన్నాడు. నేను గొప్ప హాస్యగాణ్ణి గదా! "ఇంట్లో లేనని చెప్పమంటున్నాడు పెదనాయనా!" అని అరిచాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "వచ్చినంక, అడిగినానని చెప్పు నాయనా" అన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ గోడ పట్టుకున్నాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. నేను వేసిన జోకుల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

శనివారం ఆయన్ను పూడ్చాం. నాయన మూడు పిడికెళ్ళ మట్టి వేశాడు. సాయంత్రం పేపరు తీయకుండా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు బల్ల. నాయన ముందు వరసకు పోలేదు, వెనక, పెదనాయన చోట్లో కూర్చున్నాడు. ప్లేటు వచ్చింది. రొట్టె తీసుకోలేదు, పక్కకూ ఇవ్వలేదు. పాట అయిపోయింది. పాస్టరు గారు ఎదురుచూస్తున్నారు.

"ఇట్లియ్యి నాయనా" అని పక్కనుంచి చెయ్యి చాచాను.

ప్లేటు కదల్లేదు. దాని అంచు మీద ఆ రెండు వేళ్ళు, నిటారుగా.