మసి మేసిన పట్టుపురుగులు

ఆ రోజుల్లో లోకమంతా పనులు మానుకొని నా మొదటి పరిశోధన వ్యాసం కోసమే కాచుకొని కూర్చుందని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు నా వ్యాసాల జాబితా చాంతాడంత ఉంది. నరాల కణాల గురించీ, కంటికి ఆనని కర్బన రేణువుల గురించీ మాట్లాడమని ఎక్కడెక్కడికో పిలుస్తారు, వెళ్ళి శాలువా కప్పించుకొని వస్తుంటాను. ఆ నమ్మకం మాత్రం దిబ్బూరహళ్ళిలో, మా అత్త పట్టుపురుగుల ఇంట్లోనే పోయింది.

అప్పుడు బెంగళూరులో పిహెచ్‌డిలో కొత్తగా చేరాను. చేరగానే బుర్రలో ఒక బ్రహ్మాండమైన ఆలోచన పుట్టింది. కర్బనపు సన్నపొడిలో కరెంటు పారుతుంది, పట్టుదారం మనిషి ఒంటికి పడుతుంది. మల్బరీ ఆకుకు ఆ పొడి పూసి పురుగులకు మేపితే, అవి కరెంటు పారే దారం తీస్తాయి, ఆ దారంతో తెగిన నరాలను కలిపెయ్యొచ్చు (పురుగుల అభిప్రాయం ఎవరూ అడగలేదు). మా గైడు అంతా విని, "సరే, చేసి చూపించు. కుదరకపోతే నేను చెప్పిన పని చెయ్యాలి" అన్నారు. ఆయన చెప్పే పనల్లా గాజు పళ్ళెంలో నరాల కణాలు పెంచుతూ కూర్చోవడం. నాలాంటి మేధావికి అది తగదని నా ఉద్దేశం.

నల్లపొడి సీసా సంచిలో పెట్టుకొని, చింతామణిలో బస్సు మారి, దిబ్బూరహళ్ళిలో మేనమామ ఇంట్లో దిగాను. మామ సీసాను ఎత్తి వెలుతురులో చూసి, "ఏందప్పా ఇది, బొగ్గుపొడి మాదిరి ఉండాది?" అన్నాడు.

"మామూలు బొగ్గు కాదు మామా. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. బెంగళూరులో తయారు చేసింది."

"మామూలుదైతే మన పొయ్యిలోనే దొరికేది గదా" అని, పురుగుల తట్టల్లో మూలనున్న ఒక్కటి మాత్రం నాకు వదిలాడు.

అత్త అయితే నన్ను పురుగుల ఇంటి గడప దాటనివ్వలేదు. "సెంటు పూసుకొని వచ్చినావు, పురుగులకు పడదు. పోయి కడుక్కొని రాప్పా" అంది. బాలింతను చూసుకున్నట్టు చూసుకొనేది వాటిని. నేను ఆకులకు పొడి పూసి ఆరబెట్టేవాణ్ణి, వెయ్యడం మాత్రం అత్త పని. తెల్లవారుజామున మేత వెయ్యాలి, శాస్త్రజ్ఞుడికి నిద్ర అవసరం. పగలంతా అరుగు మీద కూర్చొని, ప్రయోగం పూర్తి కాకముందే వ్యాసం రాసేస్తూ ఉండేవాణ్ణి. చివర కృతజ్ఞతలు కూడా రాసేశాను.

పురుగులు బొద్దుగా పెరిగి గూళ్ళు కట్టాయి. బూడిదరంగులో వస్తాయనుకుంటే మల్లెపూలలా తెల్లగా వచ్చాయి. అనుమానించాల్సిన చోట నేను పొంగిపోయాను. రేణువులు దారంలో ఎంతగా ఇమిడిపోయాయంటే రంగు కూడా తెలియడం లేదని గైడుకు ఫోన్‌లో చెప్పాను. "కరెంటు పారుతోందా?" అని ఒక్కమాట అడిగారాయన. దారం తీసి మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. మీటరుదే తప్పని బ్యాటరీలు మార్చాను. అయినా కదల్లేదు.

తల పట్టుకొని కూర్చుంటే అత్త వచ్చి, "ఏమప్పా, అట్ల కూర్చుండావు?" అంది.

"అంత నలుపు తిన్నాయి గదత్తా, దారంలో ఒక్క పిసరు కూడా లేదు. యాడికి పోయిందో తెలీడం లేదు."

"యాడ తిన్నాయి? నేను ఒక్కో ఆకూ తుడిచి పెడ్తా ఉంటిని గదా" అంది అత్త, అదేదో నాకు తెలిసిన సంగతే అన్నట్టు. "నీ మాట కాదనకూడదని ఆకు తీసుకొంటా ఉంటిని. వాటి నోటికాడికి పోతానే చెయ్యి రాకపాయె. నోరులేనివి, మసి పెడ్తే వద్దని చెప్పగలవా?"

పెరట్లో తీగమీద ఆరేసిన అత్త పాత చీర కొంగు నల్లగా ఉండడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నా పరిశోధన అంతా దానికే అంటుకొని ఉంది.

తర్వాతి పంటకు నేనే మేత వేస్తానన్నాను. "నేనుంటే మళ్ళా తుడుస్తాను" అని అత్త బాగేపల్లిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. తెల్లవారకముందే లేచి, సబ్బు వాసన కూడా లేకుండా కాళ్ళు కడుక్కొని, నల్లని ఆకులు పరిచాను. పురుగులు ఆకుల మీదికి ఎక్కాయి. అక్కడక్కడా మూతి పెట్టి ఆగిపోయాయి. కాసేపటికి తలలు పైకెత్తి అలాగే ఉండిపోయాయి. ఆకలైతే అవే తింటాయని బయటికి వెళ్ళి కూర్చున్నాను, లోపలికొచ్చి చూశాను, మళ్ళీ వెళ్ళాను. అవి అలాగే ఉన్నాయి. పొద్దెక్కేసరికి భుజం మీది తువ్వాలు తీసి ఒక ఆకు తుడిచాను. తర్వాత ఇంకొకటి. మామ గుమ్మంలోంచి చూసి, ఇంకో పాతగుడ్డ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"పురుగులు తినలేదు సార్" అని గైడుకు చెప్పాను. ఆయన గాజు పళ్ళేలు చూపించారు. ఇప్పటి నా పేరూ, జాబితాలోని వ్యాసాలన్నీ ఆ పళ్ళేల్లో పెరిగినవే. ఈ రంగాన్ని ఎలా ఎంచుకున్నారు సార్ అని విద్యార్థులు అడిగితే దూరదృష్టి, జిజ్ఞాస అని ఏవో పెద్ద మాటలు చెబుతాను, వాళ్ళు రాసుకుంటారు. పళ్ళెంలోని కణాలు ఆకలితో తలెత్తి చూడవని, అందుకే ఇటు వచ్చానని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.