గుడివాడ దాకా నిలబడినావిడ

బందరు నుంచి గుడివాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ పేరు నాకు తెలియదు. మెడలో సన్నటి గొలుసు, దానికో చిన్న సిలువ. నేనిచ్చిన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ, ఫారిన్‌లో నర్సుగా చేస్తున్నానని, అక్కడి పౌరసత్వం కూడా వచ్చిందని చెప్పింది.

పెడన దాటాక నా ఫోనులో ఒక వార్త వచ్చింది. మా వైపు చెరువుల్లో చేపలన్నీ తోలుకెళ్లి, డబ్బివ్వకుండా విమానమెక్కేసిన వ్యాపారి ఫోటో అది. దేశదేశాల పోలీసులు వెతుకుతున్న ఆ మనిషికి ఎక్కడో శాశ్వతంగా ఉండటానికి అనుమతి దొరికిందట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఫోను ఆవిడకి చూపించాను. "వీడి మూలంగానే మా చెరువు అప్పుల కింద పోయిందండీ. ఇలాంటివాణ్ని ఏ దేశమైనా ఎలా ఉండనిస్తుంది?"

ఆవిడ కాయలు ఒలవడం ఆపేసింది.

"అక్కడి సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే ఉండనిస్తారండీ."

"వీణ్నెవరు చేసుకుంటారు?"

"నేనేనండీ. మన వైపు మనిషని చేసుకున్నాను. అప్పుడు ఏమీ తెలియదు." చేతిలో మిగిలిన కాయలు తిరిగి నా సంచిలో పోసింది. "తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు."

లేచి వెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడింది. గుడ్లవల్లేరులో సగం బస్సు ఖాళీ అయింది. "సీట్లున్నాయిగా, కూర్చోండమ్మా," అన్నాడు కండక్టరు. ఆవిడ కదల్లేదు, కుదుపులకి తూలుతూ అలాగే వచ్చింది.

మా చెరువు పోగొట్టింది ఆవిడ కాదని నాకు అప్పుడే తెలుసు. అయినా నా సంచి తీసి ఆవిడ సీట్లో పెట్టుకున్నాను.