సీటు కింది వేడి

మా వాకిట్లోకి వచ్చిన మొదటి రోజు ఆ బండి నోరు మూయలేదు. స్టాండు తీస్తే అరుపు, హ్యాండిల్ తిప్పితే అరుపు, కాకి వచ్చి సీటు మీద వాలినా అరుపే. ముందు బీప్ బీప్‌మని మోత, ఆ వెనకే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా, ఫోన్‌లో యాప్ తెరిచి తాళం తీసుకోమని చెప్పేది. ఎదురింటావిడ గోడ మీదుగా తల పెట్టి, "ఎవురుమే ఆ దొరసాని? పొద్దుటి నించి మిమ్మల్ని తిడతానే ఉండాది" అంది. తిట్టడం లేదు, బతిమాలుతోందని చెప్పాను. చెప్పానే గానీ నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ యాప్ ఎక్కడుందని తెరవడానికి? ఆ కంపెనీయే లేదు.

నెల్లూరులో కొన్నాళ్లు ఆ అద్దె కరెంటు స్కూటర్లు తెగ తిరిగాయి. బస్టాండు దగ్గర, కాలేజీల దగ్గర వరసగా నిలబెట్టేవాళ్లు. ఫోన్‌తో స్కాన్ చేస్తే తాళం ఊడేది, పని అయ్యాక ఏదో ఒక మూల వదిలేసి పోవడమే. ఉన్నట్టుండి కంపెనీ బోర్డు తిప్పేసింది. బండ్లన్నీ ఒక పాత సామాన్ల వ్యాపారి దొడ్లోకి చేరాయి. ఆ వ్యాపారి ఎలక్ట్రానిక్ కాటా పాడైతే మా నాయన వెళ్లి బాగుచేశాడు. కూలికి బదులు ఒక బండి అడిగి, రసీదు రాయించుకుని, ట్రాలీ ఆటోలో వేయించుకుని మా ఊరు కావలికి పట్టుకొచ్చాడు.

అది నా చెల్లెలి కోసం. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో దాని ఎడమకాలు సన్నబడిపోయింది. గేర్ల బండి నడపలేదు, బరువు బండి నిలబెట్టుకోలేదు. సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో, ల్యాబ్‌లో దానికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆ రొయ్యపిల్లలు అమ్మకానికి పోయే ముందు వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, జబ్బు ఉందో లేదో చూసి చెప్పాలి. కూర్చుని చేసే పని. అంతకుముందు పని అడిగిన ప్రతిచోటా సర్టిఫికెట్ల కంటే ముందు దాని కాలు చూశారు. ఈ హేచరీవాళ్లు మాత్రం అది మైక్రోస్కోపులో చూడగలదా లేదా అన్నదే చూశారు. చిక్కల్లా దారితోనే. రొయ్యపిల్లల వ్యాన్లు ఎండెక్కక ముందే బయల్దేరాలి, ల్యాబ్ మనిషి వాటికంటే ముందే ఉండాలి. అంత పొద్దున్నే ఆ వైపు ఒక్క ఆటో పోదు. రాలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని యజమాని మొదటిరోజే మొహాన చెప్పేశాడు. కాబట్టి ఆ దొరసాని నోరు మూయించి బండిని నడిపించకపోతే చెల్లెలి ఉద్యోగం లేదు.

బజార్లో మా దుకాణం ఒకటే గది. అందులో ఒక బల్ల నాయనది. రేడియోలు, ఆంప్లిఫయర్లు, చర్చి మైకులు ఆయన చూస్తాడు. రెండో బల్ల నాది, సెల్‌ఫోన్లు. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, నాయనతో పాటు వాకిట్లో బండి ముందు కూలబడ్డాను. స్క్రూలు మామూలు స్క్రూడ్రైవరుకు లొంగేవి కావు. నక్షత్రం ఆకారపు గుంట, దాని మధ్యలో ఒక ముల్లు. ఫోన్ల పనిలో ఇలాంటి తిక్కవేషాలు నాకు అలవాటే గనక దానికి తగిన బిట్టు తీశాను. నాయన మూతి ముడుచుకున్నాడు. "స్క్రూ అనేది విప్పేదానికి పెడతారా, విప్పకుండా ఉండేదానికి పెడతారా?"

ప్లాస్టిక్ తొడుగులు ఊడదీస్తే, కాళ్లు పెట్టుకునే పలక కింద కంట్రోలర్ కనబడింది. బ్యాటరీ కరెంటును మూడు లావు తీగల్లోకి వంతులవారీగా పంపి చక్రాన్ని తిప్పేది అదే. సీటు కింద బ్యాటరీ పెట్టె. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. కదలనివ్వనిది హ్యాండిల్ మెడలో దాక్కున్న అరచేతంత నల్ల డబ్బా. లోపల నల్లటి జిగురు పోసి గట్టిపరిచారు. వేడిగాలి తగిలించి మెల్లమెల్లగా గోక్కుంటూ పోతే, నాకు బాగా తెలిసిన మొహాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సిమ్ము. సిగ్నల్ పట్టే చిప్పు. ఎక్కడున్నదీ కనిపెట్టే జీపీఎస్ ఏంటెన్నా. కాకి వాలినా పసిగట్టే చీమంత ముక్క ఒకటి. దొరసాని గొంతు దాచుకున్న ఇంకో ముక్క.

"ఏందిమే ఇది? బండిలో సెల్‌ఫోన్ పెట్టినారా?" అన్నాడు నాయన.

"బండిలో ఫోన్ కాదు నాయనా. ఫోన్‌కే చక్రాలు తగిలించినారు."

బ్యాటరీ కలిపి చూశాను. డబ్బా మేలుకుంది. చిన్న లైటు ఆరుతూ వెలుగుతూ సిగ్నల్ కోసం వెతుక్కుంది. దాని పని అంతే. కంపెనీ కంప్యూటర్‌ను పిలిచి, కదలమంటావా వద్దంటావా అని అడగాలి. అటునుంచి ఊ అంటే కంట్రోలర్‌ను వదలాలి. ఊ అనే కంప్యూటర్‌ను ఎప్పుడో కట్టేశారు, సిమ్ములో ప్రాణం లేదు, ఆ సంగతి దీనికి తెలియదు. అడుగుతూనే ఉంది. నాకు కోపం ముంచుకొచ్చింది. బంగారంలాంటి మోటారు, అరగని టైర్లు, ఎవడో ఎక్కడినుంచో సరేనంటే తప్ప తిరగకూడదట! నాయనకు మాత్రం జాలేసింది. "యజమాని పోయినాడని తెలీక గేటు కాడ కాసుకోనుండే కుక్క మాదిరి ఉండాది గదమే" అన్నాడు.

జాలి తర్వాత పడొచ్చులెమ్మని, తీగలు ఒక్కొక్కటీ పట్టుకుని వెతికాను. కంట్రోలర్‌ను కదలనివ్వకుండా పట్టిన తీగ దొరికాక, దాన్ని డబ్బా నుంచి విడదీసి మామూలు తాళంచెవి స్విచ్చికి కలిపాను. వెనక చక్రం గిర్రున తిరిగింది. అరుగు మీద కూర్చున్న చెల్లెలు ఈల వేసింది. మా ఇంట్లో ఆడపిల్ల ఈల వేస్తే నాయన కసురుకుంటాడు, ఆ రోజు ఏమీ అనలేదు.

ఇక్కడ మైనం సంగతి చెప్పాలి. సముద్రపు గాలికి రేడియో బోర్డులు ఇట్టే పచ్చగా చిలుము పడతాయి. నాయన వయసులో ఉన్నప్పుడు సముద్రం ఒడ్డు పాలేల నుంచి చేపలవేటకు పోయే పట్టపువాళ్లు పడవ రేడియోలు తెచ్చేవాళ్లు. బాగుచేశాక ఆయన కొవ్వొత్తి ముక్కలు డబ్బాలో కరిగించి, కుంచెతో బోర్డంతా మైనం పూసి ఇచ్చేవాడు. ఆ రేడియోలు ఏళ్ల తరబడి పాడేవి. మైనం మేస్త్రి అంటే ఒడ్డు పొడుగునా తెలుసు. ఇప్పటికీ క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు మూటగట్టి ఆయనకే ఇస్తారు. ఈ బండి రోజూ సముద్రం దగ్గరికి పోయేదే గనక దీనికీ పూస్తానన్నాడు. కంట్రోలర్ తీగల అతుకులకు, స్విచ్చికి పూస్తాడనుకుని సరేనన్నాను. ఇంతలో ఎవరిదో ఫోన్ పనుండి దుకాణానికి పోయాను. నేను తిరిగొచ్చేసరికి అన్నీ మూసి, స్క్రూలు బిగించి, గుడ్డతో తుడుస్తున్నాడు. సాయంత్రం చర్చి అయ్యగారు వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో చెల్లెలి మాటలే మాటలు. "రొయ్యపిల్ల కన్ను చూడాలక్కా, నల్లగా సూది మొనంత ఉంటది, మనల్నే చూస్తా ఉన్నట్టుంటది" అనేది. ఎవరి తోడూ అడగకుండా వెళ్లి వస్తోంది. వచ్చే దారిలో ఆగి కూరగాయలు తెస్తోంది. ఒక ఆదివారం నన్ను వెనక కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకుపోయింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, మొదటిసారి ఒకర్ని ఎక్కించుకుని పోవడం. గేటు దగ్గర దిగుతుంటే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎండలు ముదిరాక హేచరీ యజమాని నాకు ఫోన్ చేశాడు. "మీ చెల్లెలి పనికి వంక పెట్టేది లేదు మేడం. కానీ రోజూ లేటు. వ్యాన్లు ఆగవు. ఈ నెలాఖరు దాకా చూస్తా, ఆ తర్వాత నన్నేమనుకోవద్దు."

ఇంట్లో అందరికంటే ముందు బయల్దేరే మనిషి అక్కడికి ఆలస్యంగా ఎలా చేరుతుంది? అడిగితే, "ఎదురుగాలి అక్కా" అంది. "ఏం గాలి అది, నువ్వు పోయేటప్పుడే లేస్తదా?" అని విరుచుకుపడ్డాను. తల దించుకుంది. దారిలో ఎవడైనా ఉన్నాడేమోనని కూడా అనుమానించాను. ఉంటే సంతోషమే, వ్యాన్లు పోయాక కలుసుకోవచ్చు గదా!

ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చి బండి నిలబెట్టి లోపలికి పోయింది. దాని అన్నం క్యారియర్ తీద్దామని వంగితే గుప్పున వాసన వచ్చింది. చర్చిలో ఆరాధన అయ్యాక కొవ్వొత్తులు ఆర్పితే వస్తుందే, అదే వాసన. సీటు ఎత్తి బ్యాటరీ పెట్టె మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది. నా కేక విని ఎదురింటావిడ కూడా పరుగెత్తుకొచ్చింది. గోనెగుడ్డ చుట్టి పెట్టెను బయటికి లాగి, ఇంటికి దూరంగా గోడవార ఇసుకలో పెట్టాను. "కరెంటు బండి అన్నాక వేడెక్కదా? ఊరికే ఊరంతా లేపుతావు" అని నాయన సణిగాడు. గమ్మునుండమన్నాను.

పూర్తిగా చల్లారాక మర్నాడు విప్పాను. లోపల మైనం. బ్యాటరీని కాచే బోర్డు మీద నుంచి కరిగి, కింది బ్యాటరీ సెల్లుల సందుల్లోకి కారి, మళ్లీ గడ్డకట్టింది. ఒక వరస సెల్లుల తొడుగులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. బోర్డు మూల ఒక చోట మాత్రం మైనం ముద్దగా, చెక్కుచెదరకుండా ఉంది. గోకితే లోపల రెండు సన్నటి తీగలతో నల్లటి గింజ.

"నాయనా, ఇది ఇక్కడెందుకుంది?"

"అదా? సెల్లుల మధ్యలో ఊగులాడతా ఉండె. ఎవుడో తలమాసినోడు అతికించకుండా వదిలేసినాడు. నేనే పైకి తీసి, బోర్డుకు ఆనించి గట్టిగా మైనం పోసినా. ఇంక కదలదు."

రేడియోల్లో ఊగే ముక్క అంటే ఊడిపోయిన ముక్కే, ఆయన కాలమంతా అదే చూశాడు. ఇది ఊడిపోయింది కాదు. సెల్లుల మధ్యలో ఉండి వేడి చూసే గింజ. అవి కాగితే బోర్డుకు చెబుతుంది, బోర్డు కరెంటు ఆపేస్తుంది. సెల్లులు ఎంత కాగినా దానికి తెలియని చోట, కూతురికి ఏ హానీ రాకూడదని, చేతనైనంత భద్రంగా దాన్ని పాతిపెట్టాడు. ఇదంతా నేను నెమ్మదిగా చెప్పలేదు. అరిచాను. "దీని మీద కూర్చోబెట్టి పంపినాం దాన్ని! అంటుకోనుంటే? సముద్రం దారిలో ఎవురుండారు నాయనా, పరుగెత్తడానికి దానికి కాలుండాదా?"

గడపలో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డ చెల్లెలు, "ఆయన్ని అనమాక అక్కా. నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వేడెక్కతా ఉండాదని. రాత్రంతా చార్జింగు పెట్టి తీస్తే అప్పటికే వెచ్చగా ఉంటది. వంతెన దాటేతలికి కాలతది. దిగి చెయ్యి పెట్టి చూస్తా. చెయ్యి ఆనితే పోతా, ఆనకపోతే కాలవ గట్టున కూర్చుంటా, చల్లారేదాకా. అందుకే లేటు."

"చెప్పి చావొచ్చు గదే!"

"చెప్తే నువ్వు పీకి పడేస్తావు. నాయన అన్నం మానేస్తాడు. మీకది బండి అక్కా. నాకు కాలు. నొప్పిగా ఉండాదని ఎవురైనా కాలు కోసి ఇచ్చేస్తారా?"

నాయన లేచి దాని దగ్గరికి పోయి, "ఏ చెయ్యి?" అని అడిగాడు. అది కుడిచెయ్యి చాపింది. అరచేతిలో ఏమీ లేదు, కాస్త ఎర్రగా ఉంది, అంతే. ఆయన దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, ఆ రోజు ఏడ్చాడు.

ఆ బ్యాటరీ ఇక పనికిరాదు. ఆ కొలతకు, ఆ బోర్డుకు సరిపడేది కంపెనీతో పాటే పోయింది, ఎంత వెతికినా దొరకలేదు. నెలాఖరు రాకముందే నేను పొద్దున దుకాణం ఆలస్యంగా తెరవడం మొదలుపెట్టాను. నా పెట్రోలు బండి మీద చెల్లెల్ని ఎక్కించుకుని వ్యాన్ల కంటే ముందే హేచరీ గేటు దగ్గర దింపుతాను. దాని ఉద్యోగం దానికే ఉంది. నాయన దుకాణానికి వస్తాడు గానీ మైనం డబ్బా ముట్టుకోడు.

దారిలో చెల్లెలు నా వెనక ఒద్దికగా కూర్చుంటుంది. కూరగాయలకు ఆగుదామని అడగదు, తిరుగు ప్రయాణం నా వీలును బట్టే. వంతెన దాటగానే దాని చెయ్యి సీటు అంచు కిందికి పోతుంది. ఇది పెట్రోలు బండే తల్లీ అంటే, అలవాటైపోయిందంటుంది. గేటు దగ్గర దిగి, ఎడమకాలు సర్దుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది, రోజూ అడిగే మాటే.

"నా కాలు ఎప్పుడిస్తావక్కా?"

నేను బండి తిప్పుకుని, దుకాణం తెరవడానికి వచ్చేస్తాను.