సీట్లో కర్చీఫ్

అశోక్ నగర్‌లో కోచింగ్‌కు వెళ్తున్న రోజులవి. కోఠిలో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేశాను. మన బస్సుల్లో కర్చీఫ్ పడిందంటే సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. పక్క సీట్లోని పెద్దాయన ఒకటే నవ్వు.

"ఏమైంది సార్?" అన్నాను కూర్చుంటూ.

"చైనాలో నేనూ ఇదే పని చేశాను బాబూ. తావో ధ్యానం నేర్చుకుందామని పన్నెండుమందిమి వాళ్ళ పుణ్యక్షేత్రం కొండెక్కాం. గురువుగారి ఎదురుగా చోటు పోతుందని, పొద్దున్నే బండ మీద కర్చీఫ్ వేసి టిఫినుకు వెళ్ళాను."

"తీసేసిండ్రా?"

"తీసేసినా బాగుండేది! నేనొచ్చేసరికి ఆయన దానికి దణ్ణం పెడుతున్నారు. మా అందరిలో కదలకుండా కూర్చున్నది అదొక్కటేనట. పదిరోజులూ నన్ను దాని వెనకే కూర్చోబెట్టారు."

"మరి ధ్యానం వచ్చిందా సార్?"

"దానికొచ్చింది."

నారాయణగూడలో ఆయన దిగిపోయారు, తన కర్చీఫ్ సీట్లోనే మరిచిపోయి. బస్సులో కాలు పెట్టే సందు లేదు. అయినా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. క్లాసుకు ఆలస్యమవుతోందని నేను పదిసార్లు లేచి ట్రాఫిక్ చూశాను. ఆ కర్చీఫ్ మాత్రం కదల్లేదు.

చిక్కడపల్లిలో దిగేముందు, ఎవరూ చూడకుండా, దానికో దణ్ణం పెట్టాను.