మా మేనత్త కాలవలో దిగిన రోజు

మొన్న ఆదివారం ఏలూరులో, మా చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం వరస వెంట వస్తోంది. నా వంతు తీసుకుని, పక్కావిడను దాటించి అవతలావిడకు అందించేశాను. "ఏవండీ, నేనింకా తీసుకోలేదండి," అందావిడ నవ్వుతూనే. సిగ్గుతో చచ్చిపోయాను. నా చేతికి అదొక పాడు అలవాటు. మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చర్చిలో నా పక్కన కూర్చునేది మా మేనత్త, అంటే నాన్నగారి చెల్లెలు. బాప్తిస్మం కానివాళ్ళు రొట్టె ముట్టుకోకూడదు, ఆవిడకేమో అప్పటికింకా బాప్తిస్మం కాలేదు.

ఆవిడకు చిన్నతనం నుంచీ ఫిట్స్. పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేది. నిప్పు దగ్గరికీ నీళ్ళ దగ్గరికీ వెళ్ళకూడదని ఇంట్లో కట్టడి. నిప్పు సంగతి సరే, కొల్లేరు పక్కన కాపురముండి నీళ్ళ దగ్గరికి వెళ్ళకపోవడమంటే ఎలాగండీ? మా ఊళ్ళో ఎటు కదలాలన్నా చేపల చెరువు గట్టే దారి. దాంతో చర్చికి తప్ప ఆవిడ గడప దాటింది లేదు. అదైనా అమ్మ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపి మరీ చూసేవారు. తాడేపల్లిగూడెం వెళ్ళి కుట్టు మిషను నేర్చుకుంటానని ఒకసారి ఎంతో ఏడ్చింది. "బస్సులో ఫిట్స్ వస్తే ఎవరు పట్టుకుంటారే తల్లీ?" అని నాన్నగారు కూడా ఏడ్చారు. చెల్లెలంటే ఆయనకు ప్రాణం. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

మా ఊరి చర్చిలో బాప్తిస్మం కాలవలోనే ఇస్తారు. నడుం లోతు నీళ్ళలో దింపి, పూర్తిగా ముంచి లేపుతారు. మేనత్త పేరెత్తితే చాలు, పెద్దల గుండెల్లో రాయి పడేది. నీళ్ళలో ఫిట్స్ వస్తే? దయ్యానికి కాలవనీళ్ళు గిట్టలేదంటారు జనం. అంటారేమిటి, దయ్యమనే మాట ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు! ముందు అది వదలనీ, తర్వాత చూద్దాం అనేవారు పాస్టరుగారు. బైబిలు మా అందరికంటే ఆవిడకే బాగా వచ్చు. అయినా నెలనెలా ఆ పళ్ళెం ఆవిడ ఒడి మీదుగా అవతలికి పోయేది. కళ్ళు మూసుకుని కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి పాస్టరుగారు ఉపాయం ఆలోచించారు. ఇంటికే వచ్చి, చెంబుతో నాలుగు చుక్కలు నెత్తిన చల్లుతానన్నారు. "మా మేనకోడలికి కాలవా, నాకు చెంబూనాండీ? నాకొద్దండి," అని మేనత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఎంత పొగరో అనుకుంది ఊరు.

కొన్నేళ్ళకు ఏలూరులో ఒక డాక్టరుగారి మాత్రలతో ఫిట్స్ ఆగిపోయాయి. పక్కన మనిషుంటే నీళ్ళలో దిగొచ్చని ఆయన చెప్పినా, పెద్దలు నమ్మడానికి మరికొన్నేళ్ళు పట్టింది. చివరికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు ఒప్పుకున్నారు. పోయిన డిసెంబరులో, పొద్దున్నే, తెల్లచీర కట్టుకుని కాలవలో దిగింది మా మేనత్త. గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. వాళ్ళు వచ్చింది బాప్తిస్మం చూడ్డానికి కాదని నాకు తెలుసు.

మునిగింది, లేచింది, నవ్వుతూ గట్టెక్కింది. చలిగాలి తగిలి ఒళ్ళంతా వణికింది. అంతే! "వచ్చేసింది, వచ్చేసింది!" అని ఒకటే కేకలు. నలుగురు కలిసి ఆవిడను నేల మీద పడుకోబెట్టేశారు. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టాలని మా వైపు నమ్మకం. నాన్నగారు మోటారుసైకిల్ తాళంచెవి ఆవిడ పిడికిట్లో కుక్కి, "దేవా, దేవా" అని ఏడుస్తున్నారు. "చలి అన్నయ్యా! చలేస్తోంది! ఎవరైనా తువ్వాలివ్వండి!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. ఎవరు వినాలి? నేను జనాన్ని తోసుకుని వెళ్ళి దుప్పటి కప్పాను. కాసేపటికి వణుకు ఆగింది. "తగ్గింది, తగ్గింది, దేవుడికి స్తోత్రం," అన్నారందరూ.

ఆ పూటే ఆవిడ చేతిలో రొట్టె పెట్టారు. అటొకరూ ఇటొకరూ భుజాలు పట్టుకునే ఉన్నారు. కాలవలో దిగడానికి మా మేనత్త ముప్ఫై ఏళ్ళు ఆగింది. చలేస్తే అందరిలా వణకడానికి ఇంకెన్నేళ్ళు ఆగాలో!