పదకొండు దొంగ ఓట్లు

అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా ఇంట్లో అంటారు. అబద్ధమేమీ కాదు. ఒక పొద్దున మా పదకోశం గ్రూపులో "సైటును కొత్త ప్లాట్‌ఫారానికి మార్చుదామా?" అనే మెసేజ్ చూడగానే నాకు తోచింది ఒకటే: ఇందులో ఇతనికేం లాభం?

తమిళనాడులో ఉన్న మా రాజపాళయంలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధివీధినా ఉన్నారు గానీ, చదవగలిగేవాళ్ళు వేళ్ళమీద లెక్క. బడిలో మేం నేర్చింది తమిళం. నేనూ ముప్పై దాటాక పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దినవాణ్ణే. ఆ ఉత్సాహంలో రెండు పనులు మొదలుపెట్టాం. తమిళ అక్షరాల్లో టైపు చేసిన మా మాటను తెలుగు అక్షరాల్లోకి మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి, మా ఊరి మాటల పదకోశం ఒకటి. మొదలుపెట్టాం అంటే నేనూ, నాకంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ. ఆ మెసేజ్ పెట్టింది అతనే. అంతా ఓపెన్ సోర్స్. ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, కాపీ తీసుకోవచ్చు. ఆ నియమం రాసింది నేనే. సైటు మాత్రం నా కంప్యూటర్ సర్వీసు షాపు వెనక గదిలో ఉన్న మెషిన్ మీద నడిచేది. దాని పాస్‌వర్డు నా ఒక్కడికే తెలుసు.

అతనిది మిల్లుల కుటుంబం, మాది అంగళ్ళ కుటుంబం. అంగడికి తలుపుంటుంది, మిల్లుకు గేటుంటుంది, తేడా తెలుసుకోరా అని మా నాన్న చెప్పేవాడు. మా పదకోశాన్ని అతను ఏదో గేటు లోపలికి తోలుకుపోతున్నాడని ఆ పొద్దునే తీర్మానించుకున్నాను.

ఫోన్ చేసి అడిగాను. కొత్త ప్లాట్‌ఫారంలో బటన్ నొక్కి మాట చెబితే చాలు, అది చెప్పినవాళ్ళ గొంతుతోనే నిలిచిపోతుందన్నాడు. పాతదానిలో టైపు చేయక తప్పదు.

"టైపు చేయను రానోళ్ళ దగ్గరే మాటలు ఉండాయి అన్నా."

"మాటలు సరి. మెషిన్ ఎవురి దగ్గర ఉంటాది?"

"ఎవురి దగ్గరా ఉండదు. అందరికీ పొదువుగా, ఉమ్మడిగా ఉంటాది. మీకు ఇష్టం లేకుంటే మీరు రాసిన రూలు ప్రకారమే అంతా కాపీ తీసుకొని నేను పోవచ్చు. కానీ పోను అన్నా."

పోనని చెప్పేవాడే సంచి సర్దుకునేది. ఆ సాయంత్రమే సైటులో అతనికున్న అధికారాలు కొన్ని తీసేశాను. అడిగితే, అప్‌డేట్‌లో ఏదో పొరబాటు జరిగిందని బొంకాను.

విషయం ఓటుకు పెట్టాం. ఇరవై మాటలు చేర్చినవాళ్ళకు ఒక ఓటు, అదీ మా పద్ధతి. పాతవాళ్ళు ఎక్కువమంది నా పక్కే కాబట్టి నేను నిమ్మళంగా ఉన్నాను. చివరి రోజు మధ్యాహ్నం ఒక గంటలో పదకొండు ఓట్లు పడ్డాయి. పదకొండూ మార్చమనే. నేను ఓడిపోయాను.

నేను ఊరుకునే రకమా? అడ్మిన్ పేజీ తెరిచి తవ్వాను. పదకొండు ఓట్లూ ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చాయి. పదకొండు ఖాతాలూ మూడు నెలల్లో పుట్టినవే. ఆ పేర్లు చూడండి: మంసాపురం అత్త, సేత్తూరు చిన్నమ్మ, తళవాయిపురం వదిన, పెద్దకోడలు, నడిమికోడలు. లోకంలో ఎవరైనా కంప్యూటర్‌కు ఇలా పేరిస్తారా? వాక్యం చివరి చుక్కకు ముందు ఒక ఖాళీ వదలడం ఆ ఇంజినీరు అలవాటు. ఈ ఖాతాలన్నిట్లోనూ చుక్కకు ముందు ఖాళీ ఉంది. పైగా నేను పుస్తకం చూసి 'చీపురు' అని పెట్టినదాన్ని వీళ్ళలో ఒకరు కొట్టేసి 'పొరక' అని దిద్దారు. నా కోపంలో సగం ఆ పొరక వల్లనే, దాచను.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందని గ్రూపులో రాశాను. కింద ఆధారాలన్నీ పెట్టి, దొంగ ఓట్లు, దొంగ మనుషులు అన్నాను. పదకొండు ఖాతాలనూ లోపలికి రాకుండా అడ్డగించాను. ఆ రోజు షాపులో ఈలపాట పాడుకున్నానంటే నా సంతోషం అర్థం చేసుకోండి.

వారం తిరిగేసరికి పదకోశంలో కొత్త మాట ఒక్కటి లేదు. అంతకుముందు రోజుకు పదీ పన్నెండూ వచ్చేవి. వెనక్కి పోయి చూస్తే ఆ మాటలన్నీ ఈ పదకొండు ఖాతాలు చేర్చినవే. నేను చివరగా ఒక మాట చేర్చి ఏడాది దాటింది. ఇది కూడా అతని కుట్రలో భాగమే అనుకున్నాను.

నా ఆరోపణకు అతను ఇచ్చిన జవాబు ఒక వీధి పేరు, ఒక ఇంటి నంబరు, శనివారం మధ్యాహ్నం రమ్మని ఒక మాట. దొంగను ఇంట్లోనే పట్టుకుందామని పోయాను. బండి ఆపి నంబరు చూస్తే అది మా నాన్న చెల్లెలి ఇల్లు. తప్పు అడ్రసిచ్చి ఆటపట్టిస్తున్నాడని ఒళ్ళు మండింది. తిరిగి పోదామనుకునేంతలో గోడ పక్కన అతని బండి కనిపించింది.

హాలులో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని బ్యాండేజి గుడ్డ మడుస్తున్నారు. మా వైపు ఇళ్ళలో చేసే పని ఇది. చేతులు ఆడుతుంటాయి, నోళ్ళు ఖాళీ, కాబట్టి కబుర్లకు కొదవుండదు. మధ్యలో అతను ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. గడపలోనే నిలబడ్డాను. నేను లెక్కపెట్టాను. పదకొండు మంది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవరు. ఆమె మెట్టిన ఊరో పుట్టిన ఊరో ముందు, వరస వెనక. మా నాన్న చెల్లెలిని మంసాపురం ఇచ్చారు. మామ పోయాక టౌనుకు వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె మంసాపురం అత్తే. రేషన్ కార్డులో ఆమె పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్ పేరడిగితే వాళ్ళు తమ పేర్లే చెప్పారు. వేరే ఊరివాడైతే పొరబడ్డాడని సరిపెట్టుకోవచ్చు. వీధికొక మంసాపురం అత్త ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగిన నేను అది దొంగ పేరని తేల్చాను.

"రారా," అంది అత్త. "పండగ పోయి ఇన్నాళ్ళు సుమ్మా, ఊరికే కూడా ఈ పక్క రాలేదు. ఇప్పుడు దొంగల్ని చూసేదానికి వచ్చినావా? కూర్చో."

"నాకు తెలీలేదు అత్తా..."

"సేత్తూరు చిన్నమ్మ రెండు దినాలు అన్నం ముట్టలేదురా. నీవు రాసింది ఎవురో వాళ్ళ కొడుక్కి చదివి చెప్పినారంట. ఈ వయసులో దొంగ అనిపించుకొంటినే అని ఏడ్చింది."

ఆ చిన్నమ్మ ఎవరో అడగనక్కర లేకపోయింది. తలెత్తకుండా గుడ్డ మడుస్తున్నది ఆమె ఒక్కతే.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. టైపు చేసింది తనేనని, చెప్పింది వాళ్ళు కాబట్టి మాట వాళ్ళ పేరు మీదే ఉండాలనుకున్నానని చెప్పాడు. ఓటు రోజున ఎవరి ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, ఈ ఇంటి వైఫైలో, ఎవరి ఓటు వాళ్ళచేతే నొక్కించాడట. నేను అక్కడే ఖాతాల అడ్డు తీసేశాను. పాస్‌వర్డు కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టాను. తర్వాత గ్రూపులో క్షమాపణ రాశాను, తెలుగు అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా. రాసి అత్తకు చూపించాను.

ఆమె ఫోన్ దూరంగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఈ ఎళుత్తు మాలో ఎవురికి చదవను వచ్చురా? నోటితో చెప్పు."

అని, అతని ఫోన్ లాక్కుని, అతను అప్పటికే సిద్ధం చేసి పెట్టిన కొత్త సైటు తెరిపించి నా మూతి ముందు పెట్టింది.

"నేను మిమ్మల్ని దొంగలు అంటిని. తప్పు. మన్నించండి," అని గబగబా అప్పజెప్పేశాను.

"బటను నొక్కలేదురా. ఇంకోసారి చెప్పు."

ఈసారి సేత్తూరు చిన్నమ్మ తలెత్తి నా వైపే చూస్తోంది. "నేను మిమ్మల్ని" అని ఆగిపోయాను. తర్వాతి మాట చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. ఆ ఖాళీతో సహా అది కొత్త సైటులో ఉంది, ఎవరైనా వినొచ్చు. మొదటిసారి అత్త బటను కావాలనే నొక్కలేదని నా అనుమానం.